ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోంది?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

జూన్, జూలై వచ్చాయంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో చాలా వాటికి మొదటి వాక్యం ఒకటే: "మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ కాలేజీ చదవలేదు మేడమ్." నేనూ ఆ బాపతే. మా నాన్న వేలిముద్ర మనిషి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను కానీ, చివరి పన్నెండేళ్లూ నా వేసవి సెలవులన్నీ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్ సెంటర్‌లో సర్టిఫికెట్లు తిరగేయడంతోనే గడిచిపోయాయి. ఈ నెల తెలంగాణ నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలే తీసుకుంటున్నాను. ఆంధ్ర నుంచి రాసినవాళ్లకి వచ్చే నెల చెబుతాను. రెండు చోట్లా పోర్టల్ వేరు, నిబంధనలు వేరు, కలిపి చెబితే ఇద్దరికీ తికమకే.

ప్రశ్న: మేడమ్, మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. నాన్న తాపీ మేస్త్రీ, అమ్మ కూలికి పోతుంది. మేము బీసీ-బి. ఇంటర్ ప్రైవేటు కాలేజీలో చదివాను. ఎప్‌సెట్‌లో 28 వేల పైన ర్యాంక్ వచ్చింది. హైదరాబాద్ దగ్గర ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ పీఆర్వో సార్ ఇంటికి వచ్చారు. ఫీజంతా రీయింబర్స్‌మెంట్‌లో పోతుందని, ల్యాప్‌టాప్ కూడా ఇస్తామని చెప్పారు. వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ ఏ బ్రాంచీ కావాలో వరసగా ఆన్‌లైన్‌లో పెట్టే జాబితా, వాళ్లే పెడతారట, ఒరిజినల్స్ ఇవ్వమన్నారు. నాన్న దగ్గర చిన్న ఫోనే ఉందని, కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్‌లో పీఆర్వో సార్ తన నంబరే ఇస్తానంటున్నారు. నాన్న ఒప్పుకునేలా ఉన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒరిజినల్స్ ఇవ్వకు తల్లీ. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ పేజీ చదవడం ఆపేసి వెళ్లి తెచ్చుకో. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఒక సంగతి చెబుతాను. ఒకసారి అలాట్‌మెంట్లు వచ్చిన మర్నాడు ఒక అబ్బాయి, వాళ్ల నాన్న మా సెంటర్‌కి వచ్చారు. సర్టిఫికెట్లు విత్తనాల సంచిలో ఉన్నాయి. లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కదా, తడవకుండా ఉంటాయని ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. అబ్బాయి ర్యాంక్ బాగుంది, సీటు మాత్రం ఆ ర్యాంక్‌కి రావాల్సిన చోట రాలేదు. "కంప్యూటర్ తప్పు చేసింది మేడమ్" అన్నాడు. ఆప్షన్ల ప్రింట్ తీసి చూశాం. ఐదంటే ఐదు ఆప్షన్లు, ఐదూ ఒకే కాలేజీవి, బ్రాంచీలే వేరు. "ఇవి ఎవరు పెట్టార్రా?" అంటే వాడు నాన్న వైపు చూశాడు. నాన్న గేటు వైపు చూశాడు. గేటు దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న నంబర్ కూడా ఆయనదే.

కంప్యూటర్ తప్పేమీ లేదు. ఉన్న ఐదింట్లో దానికి దొరికింది ఇచ్చింది.

కాబట్టి అది ఎలా ఇస్తుందో ముందు అర్థం చేసుకో. నీ ర్యాంక్ వంతు వచ్చినప్పుడు అది నీ ఆప్షన్ల జాబితా పైనుంచి చదవడం మొదలుపెడుతుంది. మొదటి దాంట్లో నీ కేటగిరీకి సీటు ఉందా? లేదు. రెండోది? లేదు. మూడోది ఉంది, ఇచ్చేసింది. నాలుగోది చూడదు. అందుకే "వచ్చేది" పైన పెట్టకూడదు, "కావలసింది" పైన పెట్టాలి. మన పిల్లలు దీన్ని సరిగ్గా తిరగేస్తారు. నా ర్యాంక్‌కి ఆ కాలేజీ ఎక్కడ వస్తుందిలే అని దాన్ని కిందకి నెట్టి, తప్పకుండా వచ్చేదాన్ని పైన పెడతారు. పైన పెట్టినంత మాత్రాన పోయేదేమీ లేదమ్మా. రాకపోతే కిందిదానికి వస్తుంది, అంతే. అలాగే ఐదూ పదీ పెట్టి ఊరుకోకు. వెళ్లడానికి ఇష్టమున్న ప్రతి కాలేజీ, ప్రతి బ్రాంచీ పెట్టు. వెళ్లనని తెలిసినది మాత్రం ఎంత అడుగునైనా పెట్టకు, సరిగ్గా అదే వచ్చి కూర్చుంటుంది.

మరి ఏ కాలేజీ ఎక్కడ పెట్టాలి? కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటి ఏడాది లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటుంది. పెద్ద పట్టిక. వరసకో కాలేజీ, బ్రాంచీ. అడ్డంగా ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్ అంటూ గడులు సాగుతాయి. నీకు కావలసిన గడి "బీసీ-బి గర్ల్స్" ఒక్కటే. స్కేలు అడ్డం పెట్టుకుని కిందికి దిగు. అక్కడ 28 వేలకి అటూ ఇటూ అంకెలు కనిపించిన కాలేజీలన్నీ కోడ్‌లతో సహా నోట్‌బుక్‌లో రాసుకో. అదే పట్టికలో ట్యూషన్ ఫీజు గడి కూడా ఉంటుంది, దాన్నీ పక్కనే రాసుకో. అది ఎందుకో ఇప్పుడు చెబుతాను.

"ఫీజంతా రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది" అన్నాడు కదా ఆ పీఆర్వో. నీ విషయంలో అది నిజం కాదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి అర్హత ఉంటే మొత్తం ట్యూషన్ ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ పిల్లల్లో ఎప్‌సెట్ ర్యాంక్ 10,000 లోపు ఉన్నవాళ్లకి మొత్తం వస్తుంది. ఆ పైన ర్యాంక్ అయితే ఏడాదికి 35,000 దాకానే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65 వేలు మీ నాన్న జేబులోంచి పోవాలి. ఆ అర్హతకి కూడా ఇంటి ఆదాయం పల్లెలో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకి ఎక్కడైనా 2 లక్షలు. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు, కాలేజీ వేసే రకరకాల ఇతర ఫీజులు దీంట్లోకి రావు.

ఇంకో రెండు మాటలు గట్టిగా గుర్తుపెట్టుకో. మేనేజ్‌మెంట్ కోటాలో, అంటే వాళ్లు బి-కేటగిరీ అనే 30 శాతం సీట్లలో, చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరినా రాదు. కన్వీనర్ కోటా, అంటే ఈ కౌన్సెలింగ్ ద్వారా వస్తేనే. "ముందు పదివేలు కట్టి సీటు బుక్ చేసుకోండి" అని ఎవరైనా అంటే అది కన్వీనర్ సీటు కాదని అర్థం.

ఇక ఫోన్. ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తే ఆప్షన్లు వాళ్ల చేతిలో ఉన్నట్టే. నాన్న దగ్గర చిన్న ఫోన్ ఉందన్నావు. ఓటీపీ వచ్చేది మామూలు మెసేజ్‌లోనే కదమ్మా, అది డబ్బా ఫోన్‌కీ వస్తుంది! ఆ నంబరే ఇవ్వు. కౌన్సెలింగ్ పూర్తయ్యేదాకా దాంట్లో రీచార్జ్ అయిపోకుండా చూసుకో. ఆప్షన్లు పెట్టడానికి మీసేవకో నెట్ సెంటర్‌కో వెళ్లు. నోట్‌బుక్ నీ చేతిలో ఉండాలి, కీబోర్డు దగ్గర నువ్వే కూర్చోవాలి. సేవ్ చేశాక ప్రింట్ తీసుకుని నోట్‌బుక్‌తో వరస వరస సరిచూసుకో. 2025లో మాక్ అలాట్‌మెంట్ కూడా పెట్టారు. అంటే అసలు అలాట్‌మెంట్‌కి ముందు, నువ్వు పెట్టిన ఆప్షన్లకి ఏ సీటు వచ్చే వీలుందో చూపించి, మార్చుకోవడానికి టైమ్ ఇచ్చారు. అలాంటిది ఉన్నప్పుడు చూడకుండా ఊరుకోవద్దు.

సీటు వచ్చాక సైట్‌లో చూపించిన ఫీజు కట్టి, చెప్పిన తేదీలోపు సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే ఈ సీటు తీసుకుంటున్నానని సైట్‌లోనే చెప్పాలి. చేయకపోతే సీటు పోతుంది. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి ఇంకో సీటు తెచ్చుకుంటే పాతది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి అడిగితే ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి రెండో విడతలో, చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మంచివే పెట్టు. కాలేజీకి వెళ్లినప్పుడు ఒరిజినల్ టీసీ ఇచ్చి మిగతావి జిరాక్సులు ఇవ్వు. ఒరిజినల్స్ కాలేజీలు పట్టి ఉంచుకోకూడదని ఏఐసీటీఈ (ఇంజనీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. తరగతులు మొదలయ్యేలోపు సీటు వదులుకుంటే, 1,000 రూపాయలకి మించకుండా పట్టుకుని మిగతా ఫీజు తిరిగివ్వాలనీ ఉంది. గట్టిగా అడిగితే ఇస్తారు. అడగనివాళ్ల దగ్గరే ఆటలు.

ల్యాప్‌టాప్ మాటేమిటంటావా? ఊరికే ఎవరూ ఇవ్వరు, అది ఏదో ఒక ఫీజు పేరుతో మీ దగ్గర్నుంచే వసూలవుతుంది. నాన్నకి నా మాటగా చెప్పు: మేస్త్రీ పనిలో ఇల్లు కట్టించుకునేవాడు ఇటుకల లెక్క తనే చూసుకుంటాడు కదా, ఇదీ అంతే.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బైక్ మీద డెలివరీ పని చేస్తున్నాను. పదితో చదువు ఆపేశాను. మా చెల్లికి కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్ వచ్చింది. ఫీజు లక్ష, మాకు 35 వేలే వస్తుందట. నాన్న ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తానంటున్నాడు. బ్యాంకుకి వెళ్తే పొలం కాగితాలు ఉన్నాయా అని అడిగి పంపేశారు. మాకు పొలం లేదు.

జవాబు: బాబూ, ముందు నాన్న లెక్క చూద్దాం. నూటికి మూడు రూపాయలంటే రెండు లక్షలకి నెలకి 6,000. ఏడాదికి 72,000. నాలుగేళ్లకి వడ్డీ ఒక్కటే 2,88,000, అసలు రెండు లక్షలు కదలకుండా అక్కడే ఉంటుంది. నువ్వు బండి మీద తిరిగి సంపాదించేది షావుకారుకి పోతుంది. మీ ఫీజు లోటు ఎంత? ఏడాదికి 65 వేలు, నాలుగేళ్లకి 2,60,000. అంటే వడ్డీ ఫీజు లోటుని దాటిపోయింది.

ఇప్పుడు బ్యాంకు సంగతి. 4 లక్షల లోపు విద్యా రుణానికి పొలం, ఇల్లు తాకట్టు అడగకూడదు. బ్యాంకులన్నీ పాటించే నమూనా పథకంలోనే అది ఉంది. అమ్మో నాన్నో సహ రుణగ్రహీతగా సంతకం పెడతారు, అంతే. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీలు కట్టక్కర్లేదు. ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, చదివేది ఇంజనీరింగ్ లాంటి వృత్తివిద్యా కోర్సు అయితే, ఆ కాలానికి వడ్డీ కేంద్రం కట్టే పథకం ఉంది. కాలేజీకో కోర్సుకో న్యాక్ లేదా ఎన్‌బీఏ గుర్తింపు ఉందేమో మాత్రం చూసుకోండి. 2024 నవంబర్‌లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, కేంద్రం ఎంపిక చేసిన పెద్ద విద్యాసంస్థల్లో చేరినవాళ్లకి తాకట్టూ హామీ లేకుండా రుణం ఇస్తున్నారు. మీ చెల్లి కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఒకసారి చూడండి.

కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగితే నోటిమాటగానే పంపేస్తారు. కాగితం పెడితే కాగితంతో జవాబు చెప్పాలి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, దాని ప్రింట్, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ వాళ్లిచ్చే బోనఫైడ్, నాలుగేళ్ల ఫీజు వివరాల లెటర్, ఇద్దరి ఆధార్, నాన్న పాన్, ఆదాయ సర్టిఫికెట్, అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని మేనేజర్ దగ్గరికే వెళ్లు. "కుదరదు" అంటే "ఎందుకు కుదరదో రాసివ్వండి సార్" అను. గొడవగా కాదు, మామూలుగా. ఈ ఒక్క మాటకి కుర్చీ చూపించి కూర్చోమన్న మేనేజర్లని నేను చూశాను. ఒక చిక్కు మాత్రం ఉంటుంది. రుణం మంజూరయ్యేలోపే కాలేజీ మొదటి ఏడాది డబ్బు అడుగుతుంది. బ్యాంకులో వేసిన దరఖాస్తు నకలు చూపించి ప్రిన్సిపల్‌కి గడువు కోసం రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి.

అమ్మాయి కాబట్టి ఇంకోటి ఉంది. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్. ఏడాదికి 50,000. ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, మార్కుల మెరిట్ మీద వస్తుంది. దీంతో పాటు ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోవడం మీద షరతులున్నాయి కాబట్టి ఏది లాభమో చూసి ఎంచుకోండి.

ఇంకో మాట, నచ్చకపోయినా వినాలి. "కంప్యూటర్ సైన్స్" అనే పేరు కోసం లక్ష ఫీజు కాలేజీకి వెళ్లడం, తక్కువ ఫీజు ఉన్న కాలేజీలో ఎలక్ట్రానిక్స్‌కో ఎలక్ట్రికల్‌కో వెళ్లడం, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చెల్లితో మాట్లాడావా? యూనివర్సిటీ సొంత కాలేజీల్లో రెగ్యులర్ కోర్సుల ఫీజు ప్రైవేటు కన్నా బాగా తక్కువ. (అదే క్యాంపస్‌లో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు కూడా ఉంటాయి, వాటి ఫీజు వేరు, పొరపాటు పడకండి.) తర్వాతి విడత ఇంకా ఉంటే ఆలోచించండి. నిర్ణయం మాత్రం చదివే పిల్లదే.

ప్రశ్న: మా అబ్బాయి పేరు టెన్త్ మెమోలో ఇంటిపేరుతో ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు లేదు. ఫోన్ నంబర్ కూడా ఎప్పుడో పోయిన సిమ్‌ది. డిగ్రీలో చేర్పిద్దామంటే డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్‌లో ముందుకి పోవడం లేదు. ఏది మార్చాలి?

జవాబు: ఆధార్ మార్చండన్నా. మెమో జోలికి వెళ్లొద్దు, అది మార్చాలంటే తల ప్రాణం తోకకి వస్తుంది. టెన్త్ మెమోలో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఆధార్‌లో రావాలి. అదే రోజు ఆధార్ సెంటర్‌లోనే ఫోన్ నంబర్ కూడా లింక్ చేయించండి, ఎందుకంటే దోస్త్‌లో ఆధార్‌కి లింకైన నంబర్‌తోనే రిజిస్ట్రేషన్. తొందరగా కావాలంటే దోస్త్ హెల్ప్‌లైన్ సెంటర్‌కి అబ్బాయిని తీసుకెళ్లండి. ఆదాయ సర్టిఫికెట్ ఈ సంవత్సరం తీసుకున్నదే కావాలి. పాతది ఇంట్లో ఉంది కదా అని ఆగకండి. మీసేవలో అర్జీ పెట్టినా తహసీల్దార్ ఆఫీసు నుంచి రావడానికి రోజులు పడుతుంది, కౌన్సెలింగ్ రోజుల్లో అక్కడ జాతరే.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ సెకండియర్. ఫస్టియర్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. ఈసారి ఇంకా రాలేదు, ఫీజు కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమంటున్నారు. ఆఫీసులో అడగాలంటే భయం. మా క్లాసులో అందరి నాన్నలూ ఫోన్ చేసి మాట్లాడతారు. మా నాన్నకి ఏం అడగాలో కూడా తెలీదు.

జవాబు: నీ ఉత్తరం చదివి కాసేపు అలాగే కూర్చున్నాను తల్లీ. నా సెకండియర్ గుర్తొచ్చింది.

అప్పుడు నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ గురించి ఒక కాగితం అంటించారు. దాని మీద రెండు మాటలు: ఫ్రెష్, రెన్యువల్. ఫ్రెష్ అంటే తాజా అని తెలుసు. ఫ్రెష్ కూరగాయలు. రెన్యువల్ అంటే ఏమిటో తెలీదు. కిందటేడు ఒకసారి ఇచ్చారు కాబట్టి ఇంక నాలుగేళ్లూ వాళ్లే ఇస్తారనుకున్నాను. పక్కనున్న అమ్మాయిని అడిగితే నవ్వుతుందేమోనని అడగలేదు. గడువు అయిపోయాక క్లర్క్ చెప్పాడు, పైగా "ఇంగ్లీషు రాదా?" అని నలుగురిలో అన్నాడు. ఆ ఏడాది ఫీజుకి నాన్న రెండు మేకల్ని అమ్మాడు. ఎందుకు అమ్మాల్సి వచ్చిందో నేను ఆయనకి చాలా ఏళ్లు చెప్పలేదు.

నీది అదేనేమో ముందు చూడు. స్కాలర్‌షిప్‌ల సైట్ ఈపాస్‌లో ప్రతి ఏడాదీ రెన్యువల్, అంటే మళ్లీ దరఖాస్తు, పెట్టాల్సిందే. కిందటేడు వచ్చిన అప్లికేషన్ ఐడీతో సైట్‌లో స్టేటస్ చూసుకో. అక్కడ మూడు రకాల జవాబుల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. అసలు ఈ ఏడాది దరఖాస్తే లేకపోతే వెంటనే పెట్టు. గడువు పొడిగించడం అక్కడ మామూలే, అయిపోయిందనుకుని ఊరుకోకు. దరఖాస్తు ఉండి కాలేజీ స్థాయిలో ఆగితే, హాజరు 75 శాతం దగ్గరో బయోమెట్రిక్ దగ్గరో కాగితాలు ఇవ్వకపోవడం దగ్గరో ఆగి ఉంటుంది. అది నీ చేతిలో పని. మంజూరైంది, డబ్బు మాత్రం రాలేదు అని ఉంటే తప్పు నీది కాదు, మీ నాన్నది కాదు. ప్రభుత్వం కాలేజీలకి బకాయి పడింది. ఈ బకాయిల మీదే 2025 నవంబర్ మొదట్లో ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. అప్పుడు ఆ స్టేటస్ పేజీ ప్రింట్ తీసి, "నా రీయింబర్స్‌మెంట్ మంజూరైంది, విడుదల కాలేదు, పరీక్షకి అనుమతించగలరు" అని నాలుగు లైన్ల అర్జీ రాసి ప్రిన్సిపల్‌కి ఇవ్వు. రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద ముద్ర వేయించుకుని నీ దగ్గర ఉంచుకో. మీ తరగతిలో ఇదే చిక్కులో ఉన్న పిల్లలు ఇంకో నలుగురైనా ఉంటారు, వాళ్లూ నీలాగే నోరు మూసుకుని కూర్చున్నారంతే. కలిసి వెళ్లండి. అప్పటికీ కదలకపోతే జిల్లా బీసీ సంక్షేమ శాఖ ఆఫీసు ఉంది. మీరు ఎస్సీ అయితే ఎస్సీ అభివృద్ధి శాఖ, ఎస్టీ అయితే గిరిజన సంక్షేమ శాఖ.

నాన్న ఫోన్ చేయలేరని బాధపడకు. మా సెంటర్‌లో చూసేదాన్ని కదా, ఫోన్లలో మాట్లాడిన నాన్నలకి చాలామందికి ఈ మూడు జవాబుల తేడా తెలీదు.

రేపే వెళ్లు. ఐడీ చేతి మీద కాదు, కాగితం మీద రాసుకుని వెళ్లు. ఒంటిగంటకి భోజనానికి లేచిన క్లర్క్ ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికీ తెలీదు, అందుకే పన్నెండులోపే కిటికీ దగ్గర ఉండు.